ఎన్‌కౌంటర్లు, పోలీసు కాల్పులు, సాయుధ బలగాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలుగు పత్రికలు చదివే ఎవరికైనా "ఎదురుకాల్పుల్లో మృతి" అనే శీర్షిక కొత్త కాదు. ఆ మాట వాడిన క్షణానే రెండు వైపుల నుంచీ తూటాలు పేలాయని మనం ఒప్పేసుకున్నట్టు అవుతుంది. అసలు తేలవలసిన సంగతే అది. పోలీసుల చేతిలో మనిషి చనిపోయినప్పుడు చట్టం ఏం అడుగుతుంది, ఆచరణలో ఏం జరుగుతుంది, పోలీసు శాఖ సైన్యం పోకడలు సంతరించుకుంటే ఏం మారుతుంది అని పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలకు, ప్రధానంగా రెండు తెలుగు రాష్ట్రాల అనుభవం నుంచి, ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. సెక్షన్ల సంఖ్యలు 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టాలవి.

పోలీసులకు మనిషిని చంపే ప్రత్యేక అధికారం చట్టంలో ఉందా?

లేదు. ఆత్మరక్షణ హక్కు విషయంలో ఖాకీ తొడుక్కున్న మనిషికీ లుంగీ కట్టుకున్న మనిషికీ చట్టం పెద్దగా తేడా చూపదు. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు పౌరులందరికీ ఇచ్చిన హక్కునే పోలీసులూ వాడుకోవాలి. ప్రాణం పోతుందనో తీవ్రంగా గాయపడతాననో సహేతుకమైన భయం కలిగినప్పుడు, ఆ ప్రమాదాన్ని ఆపడానికి ఎంత అవసరమో అంత బలమే వాడాలి. ప్రమాదం తప్పిపోయాక పేల్చిన తూటా ఆత్మరక్షణ కిందికి రాదు. గాయపడి పడిపోయినవాణ్ణి, చేతులెత్తినవాణ్ణి, అప్పటికే అదుపులో ఉన్నవాణ్ణి కాల్చడం అంతకన్నా రాదు.

మరణశిక్ష గానీ యావజ్జీవం గానీ పడే నేరం చేసినవాణ్ణి కాల్చవచ్చని చట్టంలోనే ఉందంటారు. నిజమేనా?

ఇది స్టేషన్లలోనూ టీవీ చర్చల్లోనూ బాగా పాతుకుపోయిన అపార్థం. అరెస్టును ప్రతిఘటిస్తే అవసరమైన మార్గాలన్నీ వాడవచ్చని భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షన్ చెబుతుంది. మరణశిక్ష లేదా యావజ్జీవం పడదగ్గ నేరారోపణ లేని వ్యక్తి ప్రాణం తీసే హక్కు ఈ సెక్షన్ కింద ఎవరికీ లేదని అందులోని నాలుగో ఉపసెక్షన్ అంటుంది. అంటే అది గీసిన కంచె. ఫలానా చోట కంచె ఉంది కాబట్టి ఇటువైపు ఏం చేసినా చెల్లుతుందని చదువుకోవడం తప్పు. ఘోరమైన నేరారోపణ ఉన్నవాణ్ణి అరెస్టు చేసేటప్పుడు కూడా, వేరే దారి లేదని చూపగలిగితేనే ప్రాణాంతక బలానికి సమర్థన దొరుకుతుంది. నిందితుడు నేరస్థుడైనంత మాత్రాన చంపడం పోలీసుల విధి కాదని, అరెస్టు చేసి విచారణకు నిలబెట్టడమే వారి పని అని సుప్రీంకోర్టు 2012లో ఓంప్రకాష్ వర్సెస్ ఝార్ఖండ్ కేసులో స్పష్టంగానే చెప్పింది.

కాలి మీద కాల్చి పట్టుకోవచ్చు కదా?

అడగడం తేలికే గానీ, కదులుతున్న మనిషి కాలికి గురిపెట్టి కొట్టడం బాగా శిక్షణ పొందినవారికీ కష్టమే. తొడలోని పెద్ద రక్తనాళం తెగితే నిమిషాల్లో ప్రాణం పోతుంది కూడా. కనుక కాలికి కాల్చడాన్ని ప్రమాదం లేని పనిగా ఎవరూ చూడకూడదు. ఎక్కడ కాల్చారన్న దానికన్నా ముందు అడగవలసింది ఒకటుంది: అసలు కాల్చక తప్పని స్థితి ఉందా? 1990లో హవానాలో ఐక్యరాజ్యసమితి సదస్సు ఆమోదించిన సూత్రాలు చెప్పేదీ ఇదే. ప్రాణాన్ని కాపాడడానికి పూర్తిగా అనివార్యమైనప్పుడే ఉద్దేశపూర్వకంగా ప్రాణం తీసే కాల్పులకు తావు ఉంటుందని అవి అంటాయి.

ఎన్‌కౌంటర్ జరిగాక కేసు ఎవరి మీద పెడతారు?

మొత్తం వ్యవహారానికి ఆయువుపట్టు ఈ ప్రశ్నే. చాలాకాలంగా నడుస్తున్న తంతు ఇలా ఉంటుంది. కాల్పుల్లో పాల్గొన్న బృందంలోని అధికారే దగ్గరలోని ఠాణాకు వెళ్ళి ఫిర్యాదు ఇస్తాడు. లొంగిపొమ్మని హెచ్చరించినా వినకుండా వారే ముందు కాల్పులు మొదలుపెట్టారని, ఆత్మరక్షణ కోసం తామూ కాల్చవలసి వచ్చిందని, కాల్పులు ఆగాక వెతికితే ఫలానా మృతదేహాలు, ఫలానా తుపాకులు, కిట్‌బ్యాగులు దొరికాయని అందులో ఉంటుంది. దాని ఆధారంగా హత్యాయత్నం, ఆయుధాల చట్టం సెక్షన్లతో ఎఫ్‌ఐఆర్ నమోదవుతుంది. అందులో నిందితులు చనిపోయినవాళ్ళే. నిందితులు బతికి లేరు కాబట్టి కేసు మూసేస్తున్నామని కొన్నాళ్ళకు నివేదిక వెళుతుంది. ఒక మనిషి ప్రాణం ఎలా పోయిందన్నది ఏ కోర్టు ముందుకూ రాకుండానే ఫైలు ముగిసిపోతుంది. చంపినవాళ్ళు ఫిర్యాదిదారులు, చచ్చినవాడు ముద్దాయి అయ్యే ఈ తలకిందుల అమరికను న్యాయవాది కె.జి. కన్నబిరాన్, కె. బాలగోపాల్ వంటి పౌర హక్కుల నాయకులు దశాబ్దాల పాటు ప్రశ్నిస్తూ వచ్చారు.

పౌర హక్కుల సంఘం వేసిన కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2009 ఫిబ్రవరి 6న ఈ అమరికను తిరగదిప్పింది. పోలీసుల చర్యలో మనిషి మరణించినట్టు సమాచారం అందితే ఆ మరణానికి కారణమైనవారి మీద ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి దర్యాప్తు జరపాలని, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవలసిన వాదనే తప్ప దర్యాప్తు అధికారి తనంతట తానే ఒప్పేసుకుని కేసు మూసేసే కారణం కాదని తేల్చింది. సాక్ష్య చట్టం తర్కం కూడా అదే. మినహాయింపు కోరుకునేవాడే దాన్ని రుజువు చేసుకోవాలని నేటి భారతీయ సాక్ష్య అధినియం 108వ సెక్షన్ చెబుతుంది. ఇంట్లోకి చొరబడ్డ దొంగను కొట్టి చంపిన రైతు ఆత్మరక్షణను కోర్టులో నిరూపించుకోక తప్పదు. పోలీసుకు ఆ అవసరం ఎందుకు లేదన్న ప్రశ్నకు నాకు ఇంతవరకు సంతృప్తికరమైన జవాబు కనిపించలేదు. పోలీసు అధికారుల సంఘం అప్పీలు మీద సుప్రీంకోర్టు అదే ఏడాది ఆ తీర్పు అమలును నిలిపివేసింది.

2014 నాటి సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఏం చెబుతున్నాయి?

1995 నుంచి 1997 మధ్య ముంబై పోలీసులు జరిపిన 99 ఎన్‌కౌంటర్లలో దాదాపు 135 మంది చనిపోయారు. వాటి నిజానిజాలు తేల్చమంటూ పౌర హక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో ప్రధాన న్యాయమూర్తి ఆర్.ఎం. లోధా, జస్టిస్ రోహింటన్ నారిమన్ 2014 సెప్టెంబరు 23న పదహారు సూత్రాలు నిర్దేశించారు. రాజ్యాంగం 141వ అధికరణ కింద అవి చట్టంతో సమానంగా అమలు కావాలి.

నేరస్థుల కదలికల మీద సమాచారం అందితే దాన్ని కేస్ డైరీలో గానీ ఎలక్ట్రానిక్ రూపంలో గానీ ముందే రాసుకోవాలి. కాల్పుల్లో మరణం సంభవిస్తే ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి ఆలస్యం లేకుండా కోర్టుకు పంపాలి. దర్యాప్తును సీఐడీ గానీ వేరే ఠాణా బృందం గానీ చేయాలి. ఎన్‌కౌంటర్ బృందానికి నాయకత్వం వహించిన అధికారి కన్నా కనీసం ఒక మెట్టు పైనున్న అధికారి దాన్ని పర్యవేక్షించాలి. రక్తం అంటిన మట్టి, వెంట్రుకలు, వేలిముద్రలు సేకరించాలి, ఘటనా స్థలాన్ని వీడియో తీయాలి. కాల్పుల్లో పాల్గొన్న పోలీసులు తమ ఆయుధాలను పరీక్షల కోసం అప్పగించాలి. మరణించినవారి దగ్గరి బంధువులకు వీలైనంత త్వరగా కబురు చేయాలి. పోలీసుల తప్పు ఉందని తేలితే సస్పెండ్ చేసి క్రమశిక్షణ చర్య తీసుకోవాలి.

వీటిలో నా దృష్టిలో అన్నింటికన్నా పదునైనది పదోన్నతుల మీద పెట్టిన ఆంక్ష. ఎన్‌కౌంటర్ జరిగిన వెంటనే అందులో పాల్గొన్నవారికి వరుస తప్పించిన పదోన్నతులు గానీ సాహస పతకాలు గానీ ఇవ్వకూడదని, వారి ధైర్యసాహసాలు సందేహానికి తావు లేకుండా రుజువయ్యాకే ఇవ్వాలని కోర్టు అన్నది. శవానికి బహుమతి ముడిపడి ఉన్నంత కాలం పట్టుకురావడం కన్నా చంపడమే లాభసాటిగా ఉంటుందన్న చేదు నిజాన్ని ఈ ఒక్క సూత్రం ఒప్పుకున్నట్టే.

జాతీయ మానవ హక్కుల కమిషన్ పాత్ర ఏమిటి?

కమిషన్ మార్గదర్శకాల మూలం తెలుగు నేలే. పౌర హక్కుల సంఘం ఆంధ్రప్రదేశ్ నుంచి పంపిన ఫిర్యాదుల మీద విచారణ జరిపిన తరవాతే, కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ ఎం.ఎన్. వెంకటాచలయ్య 1997 మార్చిలో ముఖ్యమంత్రులందరికీ లేఖ రాశారు. ఆ మార్గదర్శకాలను 2003లోనూ 2010లోనూ సవరించారు. పోలీసు చర్యలో జరిగిన ప్రతి మరణాన్నీ 48 గంటల్లో కమిషన్‌కు తెలపాలి. కస్టడీ మరణమైతే 24 గంటల్లోనే. కమిషన్ నష్టపరిహారం సిఫారసు చేయగలదు, నివేదికలు తెప్పించుకోగలదు. శిక్ష వేయలేదు.

పేపర్లలో కనిపించే "ఆర్డీవో విచారణ" ప్రకటనలు ఏమిటి?

మెజిస్టీరియల్ విచారణ అంటే అదే. ఎన్‌కౌంటర్ జరిగిన కొన్ని వారాలకు జిల్లా ఎడిషన్ లోపలి పేజీలో ఒక చిన్న ప్రకటన వస్తుంది. ఫలానా తేదీన ఫలానా మండలంలోని అటవీ ప్రాంతంలో జరిగిన ఎదురుకాల్పుల గురించి తెలిసినవారు ఫలానా రోజు ఉదయం 11 గంటలకు రెవెన్యూ డివిజనల్ కార్యాలయానికి వచ్చి వాంగ్మూలం ఇవ్వవచ్చన్నది దాని సారాంశం. ఘటన జరిగిన గూడెంలో ఆ పేపర్ ఎవరు తెప్పించుకుంటారు? చదివినా, అరవై కిలోమీటర్లు బస్సులో వచ్చి, గుమ్మం దగ్గర నిలబడ్డ కానిస్టేబుళ్ళను దాటుకుని లోపలికి వెళ్ళి, పోలీసులకు వ్యతిరేకంగా సంతకం పెట్టే గిరిజనుడు ఎంతమందిలో ఒకడు? విచారణకు ఎవరూ హాజరు కాలేదని నివేదికలో రాస్తే అది అబద్ధమూ కాదు, పూర్తి నిజమూ కాదు.

శవపరీక్ష అంత ముఖ్యమా?

సాక్షులు భయపడవచ్చు, మాట మార్చవచ్చు. గాయం మాట మార్చదు. తూటా ఎటు నుంచి లోపలికి వెళ్ళింది, ఎటు నుంచి బయటికి వచ్చింది, గాయం చుట్టూ తుపాకీ మందు మరకలు, కాలిన నలుపు ఉన్నాయా అన్నవి చూస్తే కాల్చిన దూరం గురించి చాలా తెలుస్తుంది. చాలా దూరం నుంచి జరిగిన ఎదురుకాల్పులంటూ చెప్పి, గాయం అంచున నల్లటి మసి కనిపిస్తే ఆ కథ నిలబడదు. అందుకే జిల్లా ఆసుపత్రిలో ఇద్దరు వైద్యులు శవపరీక్ష చేయాలని, దాన్ని వీడియో తీయాలని 2014 తీర్పు చెప్పింది. అవసరమైతే మళ్ళీ పరీక్ష చేయించమని హైకోర్టును అడగవచ్చు. 2019 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు ఆదేశంతో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు వచ్చి హైదరాబాదు గాంధీ ఆసుపత్రిలో నాలుగు మృతదేహాలకు రెండోసారి పరీక్ష జరిపారు. దహనం జరిగిపోతే ఆ దారి మూసుకుపోతుంది. మృతదేహం కోసం కుటుంబాలు పట్టుబట్టడం వెనుక దుఃఖంతో పాటు ఈ లెక్క కూడా ఉంది.

చటాన్‌పల్లిలో అసలేం జరిగింది?

2019 నవంబరు 27 రాత్రి శంషాబాదు సమీపంలోని తొండుపల్లి టోల్‌గేటు దగ్గర ఒక యువ పశువైద్యురాలిపై అత్యాచారం జరిపి, చంపి, శవాన్ని షాద్‌నగర్ దగ్గరి చటాన్‌పల్లి వంతెన కింద తగలబెట్టారు. నలుగురిని అరెస్టు చేశారు. డిసెంబరు 6 తెల్లవారుజామున, బాధితురాలి వస్తువులు చూపించడానికంటూ వారిని అదే చోటికి తీసుకువెళ్ళారు. అక్కడ వారు పోలీసుల కళ్ళల్లో మట్టి కొట్టి, పిస్తోళ్ళు లాక్కుని కాల్పులు జరిపారని, తిరిగి కాల్చితే నలుగురూ చనిపోయారని పోలీసులు ప్రకటించారు. తెల్లారేసరికి వంతెన మీద జనం కిక్కిరిసిపోయారు. కింద పొలంలో శవాలు ఇంకా అలాగే ఉండగా పై నుంచి పోలీసుల మీద పూలు చల్లారు, జిందాబాద్‌లు కొట్టారు.

ఆరు రోజుల తరవాత సుప్రీంకోర్టు తన విశ్రాంత న్యాయమూర్తి వి.ఎస్. సిర్పూర్కర్ నాయకత్వంలో ముగ్గురు సభ్యుల కమిషన్‌ను నియమించింది. 2022 మేలో బయటపెట్టిన దాని నివేదిక పోలీసుల కథనాన్ని నమ్మశక్యం కానిదంటూ తోసిపుచ్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసులను హత్యా నేరం కింద విచారించాలని అన్నది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా తేల్చింది. పూలు చల్లిన చేతులు ఈ వాక్యం దగ్గర ఒక్క క్షణమైనా ఆగి ఉంటాయా? వ్యవహారం ఆ తరవాత తెలంగాణ హైకోర్టుకు చేరింది. కమిషన్ చెప్పింది అభిప్రాయమే, శిక్ష కాదు. ఆ పోలీసుల మీద ఆరోపణలు కోర్టులో రుజువు కావలసిందేనన్నది కూడా మరిచిపోకూడదు. నిర్దోషిత్వ భావన వారికీ వర్తిస్తుంది. ఆ నలుగురికి దక్కనిది అదే.

కోర్టులు ఏళ్ళ తరబడి నాన్చుతుంటే ప్రజలు ఇంకేం కోరుకుంటారు?

ఈ కోపాన్ని తీసిపారేయలేం. వాయిదాల మీద వాయిదాలు పడుతున్న కేసుల్లో ఆడపిల్లల తల్లిదండ్రులు కోర్టు వరండాల్లో ముసలివాళ్ళయిపోవడం అందరం చూస్తున్నదే. అయితే అదే 2019లో, అదే తెలంగాణలో, హన్మకొండలో జూన్‌లో ఒక పసిపాప మీద జరిగిన అఘాయిత్యం కేసులో వరంగల్ కోర్టు రెండు నెలల లోపే, ఆగస్టులోనే, దోషికి మరణశిక్ష విధించింది. నవంబరులో హైకోర్టు దాన్ని జీవితాంతపు ఖైదుగా మార్చింది. అంటే సాక్ష్యం పక్కాగా సేకరించి, ప్రాసిక్యూషన్ పట్టు విడవకుండా ఉంటే కోర్టు కదులుతుంది. తుపాకీతో ముగించిన కేసులో అసలు నేరస్థులు వీరేనా, వీరితో ఇంకెవరైనా ఉన్నారా అన్న ప్రశ్నలు కూడా శవాలతో పాటే కాలిపోతాయి.

2015 ఏప్రిల్ 7ను మానవ హక్కుల కార్యకర్తలు ఎందుకు పదేపదే గుర్తుచేస్తారు?

ఆ ఒక్క రోజే రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసు తూటాలకు 25 మంది చనిపోయారు. చిత్తూరు జిల్లా శేషాచలం కొండల్లో ఎర్రచందనం కూలీలని చెప్పిన 20 మందిని ఆంధ్రప్రదేశ్ టాస్క్‌ఫోర్స్ కాల్చిచంపింది. వారంతా తమిళనాడుకు చెందినవారు. గొడ్డళ్ళు, రాళ్ళతో దాడి చేశారని పోలీసులు చెప్పారు. అంతకు ముందే బస్సులోంచి కొందరిని దింపి తీసుకుపోయారని చెప్పిన సాక్షులు జాతీయ మానవ హక్కుల కమిషన్ ముందుకు వచ్చారు.

అదే ఉదయం వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకు తీసుకువెళుతున్న అయిదుగురు విచారణ ఖైదీలను ఆలేరు దగ్గర పోలీసు వ్యానులోనే కాల్చిచంపారు. ఒకడు తుపాకీ లాక్కోబోయాడన్నది పోలీసుల వాదన. మరుసటి రోజు పత్రికల్లో వచ్చిన ఫోటోల్లో శవాలు సీట్లలో ఒరిగిపోయి ఉన్నాయి, చేతులకు బేడీలు అలాగే ఉన్నాయి. అంతకు ముందు వారంలోనే సూర్యాపేట, జానకీపురం ఘటనల్లో పోలీసులు ప్రాణాలు కోల్పోయారు. ఆ వేడి చల్లారని సమయమది. అది ఆ రోజు సందర్భాన్ని వివరిస్తుంది, బేడీలు వేసిన చేతులు తుపాకీ ఎలా లాక్కుంటాయన్నది మాత్రం వివరించదు.

గుంపు మీద కాల్పులకు నియమాలు వేరా?

వేరే. చట్టవిరుద్ధంగా గుమిగూడిన అయిదుగురు లేదా అంతకన్నా ఎక్కువ మందిని చెదిరిపొమ్మని ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు గానీ ఠాణా అధికారి గానీ ముందు ఆదేశించాలి. వినకపోతే నాగరిక సురక్షా సంహిత 148వ సెక్షన్ కింద బలం వాడవచ్చు. హెచ్చరిక, లాఠీ, బాష్పవాయువు, ఆ తరవాతే తూటా అన్నది శిక్షణలో నేర్పే వరుస. తూటా కూడా కిందికి గురిపెట్టాలి. తలల మీదుగా గాల్లోకి కాలిస్తే ఎక్కడో మేడ మీద నిలబడ్డ మనిషికి తగులుతుంది కాబట్టి దాన్ని పోలీసు నియమావళులు సాధారణంగా ఒప్పుకోవు. మన వార్తల్లో మాత్రం "గాల్లోకి కాల్పులు" జాగ్రత్త చర్యలా వినిపిస్తుంది.

ఆచరణ సంగతికి వస్తే 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండుల మీద జరిగిన కాల్పుల్లో 13 మంది చనిపోయారని ప్రభుత్వం చెప్పింది, అంతకు ఎన్నో రెట్లని హక్కుల సంఘాలు చెప్పాయి. 2000 ఆగస్టు 28న విద్యుత్ చార్జీల మీద నిరసన తెలిపినవారిపై బషీర్‌బాగ్‌లో, 2007 జూలై 28న భూమి అడిగినవారిపై ముదిగొండలో, 2010 జూలై 14న థర్మల్ కేంద్రం వద్దన్నవారిపై సోంపేటలో తూటాలు పేలాయి. ముదిగొండలో ఏడుగురు చనిపోయారు. ఈ ఘటనల్లో ఎక్కడా అవతలివారి చేతుల్లో తుపాకులు లేవు.

పోలీసు శాఖ సైనికీకరణ అంటే ఏమిటి? గ్రేహౌండ్స్ దానికి ఉదాహరణేనా?

సైనికుడికి ఎదుట ఉన్నవాడు శత్రువు. పోలీసుకు ఎదుట ఉన్నవాడు, దొంగే అయినా, పౌరుడు. మొదటి చూపు రెండోదాని స్థానంలోకి రావడమే సైనికీకరణ. ఆయుధాలు, యూనిఫారం, శిక్షణ, అధికారుల మాటతీరు, గెలుపోటములను లెక్కించే పద్ధతి అన్నీ దాని వెంటే మారతాయి. ఎన్ని కేసులు ఛేదించారన్న లెక్క పోయి ఎంతమందిని "ఏరివేశారు" అన్న లెక్క వస్తుంది. కలుపు మొక్కలకు వాడే క్రియ మనుషులకు అతికినప్పుడు ఏదో జరిగిపోయిందని తెలుసుకోవాలి.

1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ చేతుల మీదుగా మొదలైన గ్రేహౌండ్స్ నక్సలైట్లతో అడవిలోనే తలపడేందుకు చిన్న దళాలుగా శిక్షణ పొందిన బలగం. గెరిల్లాతో గెరిల్లాలాగే పోరాడాలన్నది దాని సూత్రం. ఇతర రాష్ట్రాలు దాన్ని నమూనాగా తీసుకున్నాయి. ఉగ్రవాదాన్ని ఎదుర్కొనేందుకు 2007లో ఆక్టోపస్ అనే మరో ప్రత్యేక దళం వచ్చింది. సాయుధ తిరుగుబాటు ఉన్నచోట ప్రత్యేక దళం అవసరమన్న వాదనలో బలం ఉంది. నా అభ్యంతరం దళం ఉండడం మీద కాదు. అడవిలో దళం జరిపిన కాల్పులకు ఎవరు సాక్షి, ఏ తూటా ఎవరి తుపాకీలోది, ఆ రోజు ఎవరెవరు వెళ్ళారు అన్న వివరాలు భద్రత పేరుతో ఎప్పటికీ బయటికి రాకపోవడం మీదనే. తెల్లవారి పత్రికా ప్రకటన మాత్రం స్థానిక ఎస్పీ పేరుతో వస్తుంది.

ఇదే దారిలో ఇంకొంచెం ముందుకు వెళ్ళి, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం గిరిజన యువకులనే ప్రత్యేక పోలీసు అధికారులుగా తీసుకుని తుపాకులిచ్చింది. తెలుగువాడైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్ 2011 జూలై 5న ఇచ్చిన తీర్పులో అది రాజ్యాంగ విరుద్ధమని చెప్పి ఆపమన్నారు. ఆ తరవాత బస్తర్‌లో వేరే పేరుతో స్థానిక బలగాలు వచ్చాయి. 2025 మే 21న అక్కడ జరిగిన చర్యలో శ్రీకాకుళం జిల్లాకు చెందిన మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాళ్ళ కేశవరావు, మరికొందరు మరణించినప్పుడు మృతదేహాల కోసం బంధువులు ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించారు. చివరికి అంత్యక్రియలు నారాయణపూర్‌లోనే జరిగిపోయాయి.

అమెరికాలో పరిస్థితి మనకన్నా మెరుగా?

పోలిక తిన్నగా కుదరదు. అక్కడ పౌరుల చేతుల్లోనే తుపాకులు విరివిగా ఉంటాయి. పారిపోతున్న నిందితుడి వల్ల ఇతరుల ప్రాణానికి గట్టి ముప్పు ఉంటేనే కాల్చాలని అక్కడి సుప్రీంకోర్టు 1985లో టెనెసీ వర్సెస్ గార్నర్ కేసులో చెప్పింది. సైన్యం వాడి పక్కనపెట్టిన సాయుధ వాహనాలు, రైఫిళ్ళు స్థానిక పోలీసులకు చేరే 1033 పథకం మీద 2014లో పోలీసు కాల్పుల్లో ఒక నల్లజాతి యువకుడు చనిపోవడంతో ఫెర్గూసన్ పట్టణంలో రేగిన నిరసనల తరవాత పెద్ద చర్చ జరిగింది. ఒబామా ప్రభుత్వం పెట్టిన ఆంక్షలను ట్రంప్ ప్రభుత్వం 2017లో ఎత్తివేసింది.

పోలీసులకు ఎప్పుడైనా శిక్ష పడిందా?

పడింది, చాలా ఆలస్యంగా. 1987 మేలో హాషింపురాలో ముస్లింలను లారీ ఎక్కించుకుపోయి చంపిన కేసులో 16 మంది ఉత్తరప్రదేశ్ సాయుధ పోలీసు సిబ్బందిని ఢిల్లీ హైకోర్టు 2018లో, అంటే 31 ఏళ్ళకు, దోషులుగా తేల్చింది. 1991 నాటి పిలిభిత్ కేసులో బస్సులోంచి దింపిన పది మంది సిక్కులను చంపినందుకు 2016లో 47 మంది పోలీసులకు జీవిత ఖైదు పడింది. 2022లో అలహాబాదు హైకోర్టు దాన్ని ఏడేళ్ళకు తగ్గించింది. ప్రభుత్వ అనుమతి లేనిదే విచారణ జరపరాదన్న రక్షణ బూటకపు ఎన్‌కౌంటర్లకు వర్తించదని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. అదే ఏడాది జూలైలో మణిపూర్‌లో పోలీసులు, సాయుధ బలగాల చేతుల్లో జరిగాయంటున్న 1528 మరణాల కేసులో, కల్లోలిత ప్రాంతంలోనైనా మితిమీరిన బలానికి మినహాయింపు లేదన్నది.

పోలీసుల ప్రాణాలకు విలువ లేదా?

ఉంది. వ్యాస్‌ను 1993 జనవరిలో లాల్ బహదూర్ స్టేడియంలో పరుగు తీస్తుండగా చంపారు. ఐపీఎస్ అధికారి ఉమేశ్‌చంద్రను 1999 సెప్టెంబరులో హైదరాబాదు నడిరోడ్డు మీద కాల్చారు. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో పడవ మీద జరిగిన దాడిలో 38 మంది మరణించారు, వారిలో అత్యధికులు గ్రేహౌండ్స్ జవాన్లు. మందుపాతరలకు బలైన హోంగార్డుల, కానిస్టేబుళ్ళ పేర్లు సొంత ఊళ్ళోని స్తూపాల మీద తప్ప ఎక్కడా కనిపించవు. వారిని చంపినవారి మీద హత్య కేసే నడుస్తుంది, నడవాలి కూడా. ప్రాణాపాయంలో నిజంగా తిరగబడి కాల్చిన కానిస్టేబుల్‌కు స్వతంత్ర దర్యాప్తు వల్ల నష్టం లేదు. అతని మాటకు విలువ తెచ్చేదే అది. వంద అబద్ధపు ప్రకటనల మధ్య అతని నిజం కూడా అబద్ధంలాగే వినిపిస్తుంది.

మా ఇంటి మనిషి పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఏం చేయాలి?

ముందుగా మృతదేహం. శవపరీక్ష ఇంకా కాకపోతే, ఇద్దరు వైద్యులతో, వీడియోతో చేయించమని ఆసుపత్రి సూపరింటెండెంటుకూ కలెక్టరుకూ రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, రెండో కాగితం మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. అనుమానం ఉంటే దహనం వద్దు. హైకోర్టులో అత్యవసర పిటిషన్‌కు సెలవు రోజున కూడా ప్రధాన న్యాయమూర్తి నివాసం వరకు వెళ్ళిన సందర్భాలు ఉన్నాయి. శవ పంచనామా, శవపరీక్ష నివేదిక, ఎఫ్‌ఐఆర్ నకళ్ళు అడగండి. ఎఫ్‌ఐఆర్‌లో నిందితుల గడిలో ఎవరి పేరు ఉందో చూడండి.

మనిషిని చివరిసారి ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చూశారో, ఫోను చివరిసారి ఎప్పుడు పలికిందో ఆ రోజే కాగితం మీద రాసిపెట్టుకోండి. ఠాణాకు తీసుకువెళ్ళి ఉంటారని అనుమానం ఉంటే, ఆ ఠాణా సీసీ కెమెరా దృశ్యాలు భద్రపరచమని వెంటనే రాతపూర్వకంగా అడగాలి. ప్రతి ఠాణాలోనూ కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు తెలుగులోనే పంపవచ్చు, రుసుము లేదు. మార్గదర్శకాలు పాటించలేదనిపిస్తే 2014 తీర్పు ప్రకారం ఆ ప్రాంతపు సెషన్స్ జడ్జికి ఫిర్యాదు చేయవచ్చు. ఆర్డీవో విచారణ తేదీ కోసం జిల్లా పేపర్ రోజూ చూడండి. వెళ్ళేటప్పుడు ఒంటరిగా వెళ్ళకండి, ఒక న్యాయవాదిని వెంట తీసుకువెళ్ళండి, చెప్పింది చెప్పినట్టు రాశారో లేదో చదివించుకున్నాకే వేలిముద్ర వేయండి.